సోలో అంటే ఎవరూ లేరనా?

మా హాస్టల్లో రాత్రి పదకొండు దాటాక రెండు రకాల వీడియోలు నడుస్తుంటాయి. మర్నాడు ఇంటర్నల్ ఉంటే డబుల్ స్పీడులో పరిగెత్తే లెక్చర్లు. ఏమీ లేకపోతే, ఎవరో ఒక్కరే కారేసుకుని ప్రపంచం అంచు దాకా వెళ్ళొచ్చే ట్రావెల్ వీడియోలు. ఈ రెండో రకంలో ఉత్తర ధ్రువం వైపు వెళ్ళేవాటికి మా వింగులో గిరాకీ ఎక్కువ. థంబ్‌నెయిల్ దాదాపు ఒకేలా ఉంటుంది. కనుచూపు మేర మంచు, మధ్యలో ఒక కంకర రోడ్డు, దాని మీద అగ్గిపెట్టంత కారు, పైన పెద్ద అక్షరాల్లో "700 కి.మీ... ఒక్క మనిషి కూడా లేడు!"

ఆ చివరి మాట మీదే నా గొడవ.

వీడియోలంటే నాకు ఇష్టమే. విడవకుండా చూస్తాను. ఒక్కదాన్నే అలా బయల్దేరి వారం పది రోజులు రోడ్డు మీద ఉండాలని నాకూ ఉంది, ఆ మాట సిగ్గు లేకుండా చెప్తున్నా. కానీ "ఒక్క మనిషి కూడా లేడు" అనేది అబద్ధం. వ్యూస్ కోసం చెప్పే చిన్న అబద్ధమే అనుకోవచ్చు. దానివల్ల వెళ్ళొచ్చినవాళ్ళకి పోయేదేమీ లేదు. పోయేది మనకి, అంటే గేటు దాటడానికే ఇంకా ఔటింగ్ లెటర్ రాసుకుంటున్నవాళ్ళకి. అదెలాగో చెప్పాలంటే ముందు ఆ రోడ్డు గురించి కొంచెం చెప్పాలి.

నేను ఎక్కువసార్లు చూసింది డెంప్‌స్టర్ హైవే. కెనడా వాయవ్య మూలన, అలాస్కాని ఆనుకుని యూకాన్ అనే ప్రాంతం ఉంది. అందులో డాసన్ సిటీ అని ఒక ఊరు. 1896లో ఆ చుట్టుపక్కల బంగారం దొరికిందని తెలిసి లోకం లోకమంతా పరిగెత్తుకెళ్ళింది ఇక్కడికే. ఆ ఊరికి సుమారు 40 కి.మీ. తూర్పున, మెయిన్ రోడ్డు నుంచి చీలి ఉత్తరానికి పోతుంది డెంప్‌స్టర్. కొండలు, ఆర్కిటిక్ సర్కిల్, రెండు పెద్ద నదులు దాటుకుంటూ సుమారు 740 కి.మీ. వెళ్ళి ఇనువిక్ అనే ఊళ్ళో ఆగుతుంది. అక్కడి నుంచి ఇంకో 138 కి.మీ. వెళ్తే టక్‌టొయాక్‌టక్. ఆ తర్వాత రోడ్డు లేదు, ఆర్కిటిక్ సముద్రమే.

బయల్దేరాక మొదటి పెట్రోల్ బంకు ఈగిల్ ప్లెయిన్స్ అనే చోట, 369వ కిలోమీటరు దగ్గర. హైదరాబాద్‌లో ట్యాంకు నింపుకుని బయల్దేరితే విజయవాడ దాటి, ఏలూరు కూడా దాటాక గానీ ఇంకో బంకు రాదన్నమాట. ఫోన్ సిగ్నల్ సంగతి మర్చిపోవాల్సిందే. కాబట్టి రోడ్డు ఖాళీగా కనిపిస్తుందన్న మాట నిజం. నా డౌటల్లా ఆ ఖాళీలో కారు అంత హాయిగా ఎలా వెళ్తోంది అని.

కారు కింద ఏముందో చూస్తే అర్థమవుతుంది. అక్కడి నేల పర్మాఫ్రాస్ట్. అంటే ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉండిపోయిన నేల. వేసవిలో పై పొర కొంచెం కరుగుతుంది, లోపల మాత్రం రాయిలా ఉంటుంది. మన దగ్గరలాగా నేలని తవ్వి, చదును చేసి రోడ్డేస్తే ఎండ వేడి లోపలికి దిగి, ఆ మంచు కరిగి, రోడ్డు బురదలో కూరుకుపోతుంది. అందుకని అక్కడ నేల మీద దిమ్మెలాగా కంకర పోశారు. కొన్నిచోట్ల 1.2 మీటర్ల మందం, కొన్నిచోట్ల 2.4 మీటర్ల దాకా. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఐసు దిమ్మె కరగకుండా మీద రంపప్పొట్టు కప్పేవాళ్ళని మా తాతయ్య చెప్తుంటారు. ఇదీ అదే లాజిక్. 740 కి.మీ. పొడవునా నేలకి దుప్పటి కప్పి, ఆ దుప్పటి మీద బండ్లు నడుపుతున్నారు.

ఆ దుప్పటి ఒక్కసారిగా పరుచుకోలేదు. 1959లో మొదలుపెట్టారు, ఉత్తరాన ఆయిల్, గ్యాస్ ఉందన్న ఆశతో. 115 కి.మీ. వేసేసరికి ఖర్చు భరించలేక 1961లో ఆపేశారు. 1968లో పక్కన అలాస్కాలో పెద్ద ఎత్తున ఆయిల్ బయటపడటంతో మళ్ళీ కదిలింది. 1979 ఆగస్టులో గానీ రోడ్డు తెరవలేదు. ఇరవయ్యేళ్ళు పట్టింది. పైగా కంకర రోడ్డు వేసి వదిలేస్తే ఉండదు. ట్రక్కులు తిరిగి, వానలు పడి, కంకర పక్కలకి జారిపోతూ ఉంటుంది. రోడ్డు పొడవునా మెయింటెనెన్స్ క్యాంపులు ఉన్నాయి, వాటిలో మనుషులు ఉంటారు. గ్రేడర్ మెషీన్లతో వేసవంతా కంకర సర్దుతూ, చలికాలమంతా మంచు తోస్తూ ఉంటారు. వీడియోలో మూడు సెకన్లు ఒక పసుప్పచ్చ బండి ఎదురొస్తుంది చూడండి, మ్యూజిక్ బీట్‌కి కట్ అయిపోతుంది. అదే అది.

రిచర్డ్‌సన్ కొండల దగ్గర ఒక చోటుంది, హరికేన్ ఆలీ అంటారు. గాలికి పెద్ద ట్రక్కులు కూడా పల్టీ కొడతాయి. గాలి, మంచు మరీ ముదిరితే రోడ్డుకి అడ్డంగా గేటు వేసేస్తారు, తగ్గేదాకా ఎవరైనా ఆగాల్సిందే. ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. కొన్నిచోట్ల రోడ్డునే కావాలని వెడల్పుగా వేశారు. ఎందుకంటే ఎవరికైనా ప్రాణం మీదకొస్తే చిన్న విమానం ఆ రోడ్డు మీదే దిగడానికి. "ఒక్క మనిషి కూడా లేని" రోడ్డులో, ఎప్పుడో ఎవరికో అవసరం పడుతుందని రన్‌వే ముందే పెట్టి ఉంచారు.

ఇక నదులు. పీల్ నది, మెకెంజీ నది. రెండింటి మీదా వంతెన లేదు. వేసవిలో ఫెర్రీ వచ్చి కారుని ఎక్కించుకుని దాటిస్తుంది, డబ్బులు కూడా తీసుకోరు, ప్రభుత్వానిదే. చలికాలంలో నది గడ్డకడుతుంది కాబట్టి ఐసు మీదే రోడ్డు. ఆ ఐసు ఎంత మందం ఉందో కొలిచి, ఇంత బరువున్న బండి వెళ్ళొచ్చు అని చెప్పేవాళ్ళుంటారు. ఈ రెంటికీ మధ్య, నది గడ్డకట్టేటప్పుడూ కరిగేటప్పుడూ, కొన్ని వారాలు పడవా నడవదు, ఐసూ ఆగదు. ఆ వారాల్లో అవతల ఊళ్ళకి రోడ్డే లేనట్టు. సరుకులు విమానంలో రావాలి, ధరలు పైకెక్కుతాయి. అప్పుడు ఏ సోలో ట్రావెలరూ అక్కడ కనిపించడు.

మన భాషలో చెప్తాను. మినీ ప్రాజెక్టు రిపోర్టు మీద "సోలో ప్రాజెక్ట్" అని రాసుకుంటాం కదా. మనం రాసింది మూడొందల లైన్లు. రిక్వైర్‌మెంట్స్ ఫైల్ తెరిస్తే నలభై ప్యాకేజీలు, ఒక్కోదాని వెనకా మనకి పేరు కూడా తెలియని ఎవరెవరో రాత్రిళ్ళు కూర్చుని రాసిన కోడ్. ఇంపోర్ట్ చేసుకోవడం తప్పని ఎవరూ అనరు. ప్రాజెక్టు మనదే, వైవాలో నిలబడేది మనమే. కానీ ఆ రిక్వైర్‌మెంట్స్ ఫైల్ డిలీట్ చేసి మిగతా కోడ్ మాత్రం జూనియర్‌కి ఇస్తే ఏమవుతుంది? వాడి లాప్‌టాప్‌లో రన్ అవ్వదు. పాపం వాడేమో తనకే చేతకాలేదనుకుంటాడు. ఈ సోలో వీడియోలు చేస్తున్న పని సరిగ్గా అదే.

మా పెద్దమ్మగారి అబ్బాయి కాల్గరీలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ళ క్రితం జూలైలో ఇదే రోడ్డు మీద ఒక్కడే వెళ్ళొచ్చాడు. ఫ్యామిలీ గ్రూపులో సముద్రం ముందు ఫోటో, కింద "సోలోగా ఆర్కిటిక్ టచ్ చేశా" అని మెసేజ్. మామయ్యలూ పిన్నులూ అందరూ దండాల బొమ్మలు పెట్టారు. తర్వాత వీడియో కాల్‌లో నేను వివరాలు అడిగాను.

"అన్నయ్యా, టైరు పంక్చర్ అయిందన్నావుగా, ఎవరు మార్చారు?"

"నేనే మార్చా. అంటే, జాకీ కంకరలో దిగబడిపోతుంటే వెనక నుంచి ఒక ట్రక్కాయన వచ్చి ఆగాడు. జాకీ కింద పెట్టుకోమని చెక్క పలక ఇచ్చాడు. ఇంకో స్టెప్నీ ఉందా అని అడిగాడు. లేదంటే తిట్టాడు కూడా. రెండు లేకుండా ఈ రోడ్డెక్కుతారా అని."

"మరి ఇదంతా గ్రూపులో పెట్టలేదేం?"

"అది పెడితే ఇంక సోలో ఏంటమ్మా!"

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ ట్రిప్పు మొత్తంలో ఇంకొకరికి పనికొచ్చే సమాచారం ఏదైనా ఉంటే ఆ చెక్క పలక, ఆ రెండో స్టెప్నీయే. ఫోటోలో లేనివి కూడా సరిగ్గా అవే.

ఈ రోడ్డుకి డెంప్‌స్టర్ అనే పేరు ఎలా వచ్చిందో వెతికినప్పుడు నేను కాసేపు అలా ఉండిపోయాను. రోడ్డు లేని కాలంలో, డాసన్‌కీ ఉత్తరాన ఫోర్ట్ మెక్‌ఫెర్సన్ అనే ఊరికీ మధ్య ప్రతి చలికాలం పోలీసులు కుక్కల బండ్ల మీద ఉత్తరాలు మోసేవాళ్ళు. మౌంటెడ్ పోలీసులంటారు వాళ్ళని. సుమారు 765 కి.మీ. ప్రయాణం. 1910 డిసెంబరు 21న ఫిట్జ్‌గెరాల్డ్ అనే ఇన్‌స్పెక్టర్ ఇంకో ముగ్గురితో ఫోర్ట్ మెక్‌ఫెర్సన్ నుంచి బయల్దేరాడు. అనుభవం ఉన్నవాడే. అందరికంటే తొందరగా చేరి రికార్డు కొట్టాలని బరువు తగ్గించాడు. బరువంటే ముఖ్యంగా తిండి. నెల రోజులకి సరిపడా మాత్రమే వేసుకున్నాడు.

ఆ నేల గ్విచిన్ అనే జాతివాళ్ళది. వాళ్ళు ఎన్ని తరాలుగానో ఆ కొండల్లో క్యారిబూ జింకల వెంట తిరుగుతూ బతుకుతున్నారు. దారిలో గ్విచిన్ గుడారాలు తగిలితే, ఈసా జార్జ్ అనే ఆయన్ని దారి చూపించడానికి కొన్ని రోజులు పెట్టుకున్నారు. తర్వాత డబ్బులిచ్చి పంపించేశారు. వాళ్ళలో కార్టర్ అనే మాజీ కానిస్టేబులు ఉన్నాడు, దారి తనకి తెలుసన్నాడు. అతను ఆ దారిలో వెళ్ళింది అంతకుముందు ఒకే ఒక్కసారి, అదీ అటు నుంచి ఇటు.

ఫారెస్ట్ క్రీక్ అనే వాగు దగ్గర తిరగాలి. ఆ వాగు దొరకలేదు. వారానికి పైగా వెతికారు. మంచులో అన్ని వాగులూ ఒకేలా ఉంటాయి. జనవరి 18న వెనక్కి తిరిగారు, అప్పటికే తిండి అయిపోవచ్చింది. ఒక్కో కుక్కనీ చంపి మిగతా కుక్కలకి పెట్టారు, వాళ్ళూ తిన్నారు. నలుగురూ దారిలోనే చనిపోయారు. ఫిట్జ్‌గెరాల్డ్ శవం దొరికిన చోటికి ఫోర్ట్ మెక్‌ఫెర్సన్ 40 కి.మీ. దూరం. కాలిన పుల్లతో వీలునామా రాసి పెట్టుకున్నాడు.

ఎంతకీ రాలేదని ఫిబ్రవరి 28న డాసన్ నుంచి వెతకడానికి బయల్దేరిన కార్పొరల్ పేరు డెంప్‌స్టర్. మార్చి నెలాఖరులోపు నలుగురి శవాలూ కనిపెట్టాడు. అతని బృందంలో చార్లీ స్టూవర్ట్ అనే గ్విచిన్ మనిషి ఉన్నాడు, దారి చూపించడానికి. ఆ తర్వాత పోలీసులు ఈ దారిలో గుడిసెలు కట్టి, సరుకులు దాచిపెట్టి, ఆ ఫారెస్ట్ క్రీక్ మలుపుకి గుర్తులు పెట్టారు. దారి తెలిసిన స్థానికుణ్ణి తప్పకుండా వెంట తీసుకెళ్ళాలని రూలు కూడా పెట్టారు.

అంటే, ఈరోజు మనం "సోలో" అని మురిసిపోయే రోడ్డు పేరు, పక్కన దారి తెలిసినవాడు అక్కర్లేదనుకుని చనిపోయినవాళ్ళని వెతకడానికి వెళ్ళిన మనిషి పేరు. ఆయన్ని నడిపించిన చార్లీ స్టూవర్ట్ పేరు రోడ్డుకి లేదు. రోడ్డు వేసేటప్పుడు కూడా ఇదే కథ. డాసన్ దగ్గర కొండల్లోంచి దారి ఎటు తీయాలో సర్వే వాళ్ళకి చూపించిన పెద్దాయన జో హెన్రీ. ట్రొండెక్ హ్వెచిన్ అనే అక్కడి జాతికి చెందినవాడు. ఇంజనీర్ల మ్యాపు కంటే ముందు ఆయన కాళ్ళకి ఆ దారి తెలుసు.

ఇక్కడ ఎవరో ఒకరు 'ఇన్‌టు ద వైల్డ్' సినిమా గురించి ఎత్తుతారని నాకు తెలుసు. మా బ్యాచ్‌లో ఆ సినిమా పోస్టరు లేని రూము తక్కువ. క్రిస్ మెక్‌కాండ్‌లెస్ అనే కుర్రాడు 1992లో అన్నీ వదిలేసి అలాస్కా అడవిలోకి ఒంటరిగా వెళ్ళి, పాడుబడిన బస్సులో నాలుగు నెలలు బతికి, అక్కడే చనిపోయాడు. అతని మీద నాకు కోపం లేదు, జాలి ఉంది. కానీ సినిమా చూసి మనవాళ్ళు పట్టుకునేది "ఒంటరిగా" అన్నమాట ఒక్కటే. అతన్ని అడవి దాకా ట్రక్కులో దింపిన ఎలక్ట్రీషియన్, కుర్రాడి కాళ్ళకి సరైన బూట్లు లేవని తన బూట్లు ఇచ్చి పంపించాడు. తిరిగి వచ్చేద్దామని జూలైలో బయల్దేరితే టెక్లానికా నది పొంగి ఉంది. దాటలేక మళ్ళీ బస్సు దగ్గరికే పోయాడు. అక్కడికి మైలు దూరం కూడా లేదు, నది మీద తీగకి వేలాడే చిన్న తొట్టి ఉంది, చేత్తో లాక్కుంటూ దాటొచ్చు. నీటిమట్టం కొలిచేవాళ్ళ కోసం పెట్టింది. అతని దగ్గర వివరమైన మ్యాపు లేదు. తర్వాత ఆ బస్సుని చూడాలని వెళ్ళి 2010లో ఒకరు, 2019లో ఒకరు అదే నదిలో కొట్టుకుపోయారు. 2009 నుంచి 2017 లోపు బస్సు కోసం వెళ్ళి ఇరుక్కున్నవాళ్ళని కాపాడటానికి 15 సార్లు మనుషులు వెళ్ళాల్సొచ్చింది. చివరికి 2020 జూన్‌లో హెలికాప్టర్‌తో ఆ బస్సునే ఎత్తుకెళ్ళిపోయారు.

తీగ కట్టినవాడు ఉన్నాడు. ఆ సంగతి కుర్రాడికి తెలియలేదు.

ఇంకో మాట కూడా నాకు ఎక్కదు. "నోవేర్". ప్రపంచానికి దూరం. ఎవరి ప్రపంచానికి? ఆ రోడ్డు వెళ్ళి ఆగే ఇనువిక్ అనే పేరుకి అక్కడి భాషలో అర్థం "మనుషుల చోటు". సుమారు మూడు వేల జనాభా. నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి నీళ్ళ పైపులు, డ్రైనేజీ పైపులు భూమి మీదే పెట్టెల్లాంటి గొట్టాల్లో ఇంటింటికీ వెళ్తాయి. స్కూలు ఉంది, ఆస్పత్రి ఉంది, ఇగ్లూ ఆకారంలో చర్చి ఉంది. 2010లో ఒక మసీదు కూడా వచ్చింది. వచ్చింది అంటే నిజంగానే వచ్చింది. విన్నిపెగ్‌లో కట్టి, ట్రక్కు మీదా, నది మీద బార్జ్‌లోనూ సుమారు 4,000 కి.మీ. మోసుకొచ్చి దింపారు. మసీదే సోలోగా రాలేదు!

టక్‌టొయాక్‌టక్ సంగతి ఇంకోలా ఉంది. 2017 నవంబరులో కొత్త రోడ్డు తెరిచేదాకా ఆ ఊరికి చలికాలంలో నది మీదా, సముద్రం మీదా పేరుకున్న ఐసే రోడ్డు. కొత్త రోడ్డు వేసింది కూడా చాలావరకు ఆ రెండు ఊళ్ళ కాంట్రాక్టర్లు, పనివాళ్ళే. నేల గట్టిగా ఉండాలి కాబట్టి చలికాలంలో, చీకట్లో కంకర తోలారు. ఇప్పుడు సముద్రం ఒడ్డుని కోసుకుపోతోంది, కింద పర్మాఫ్రాస్ట్ కరుగుతోంది. ఒడ్డున ఉన్న కొన్ని ఇళ్ళని ఇప్పటికే లోపలికి జరిపారు. అక్కడికి కారులో వెళ్ళి, కాళ్ళు నీళ్ళలో పెట్టి, "ప్రపంచం చివర నేనొక్కణ్ణే" అని వీడియో తీసేటప్పుడు వెనకాల ఆ ఇళ్ళు ఫ్రేములోకి రాకుండా కెమెరా తిప్పుకుంటారు. ఒకసారి గమనించండి, కెమెరా ఎప్పుడూ సముద్రం వైపే.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. మాటల మీద పట్టింపు అని మా రూమ్మేట్ అంది. "సోలో అంటే ఒక్కరే డ్రైవ్ చేయడం, అంతే. నువ్వు థ్రిల్లంతా చంపేస్తున్నావ్" అని. తొమ్మిది గంటలు స్టీరింగు ముందు ఒక్కరే కూర్చోవడం, మబ్బు పడితే ముందుకెళ్ళాలా ఆగాలా అని ఒక్కరే తేల్చుకోవడం నిజంగానే ఒంటరి పని. అందులో థ్రిల్ ఉంది, ధైర్యం ఉంది. అది ఎవరూ కాదనరు. నేను అడుగుతున్నది వేరే.

మనలో అమ్మాయిలు ఎక్కడికి వెళ్తానన్నా ఇంట్లో మొదటి ప్రశ్న ఒకటే: "తోడెవరు?" విజయవాడ వెళ్ళినా అదే, వైజాగ్ వెళ్ళినా అదే. ఆ ప్రశ్నకి విసిగి విసిగి మనం ఈ వీడియోలకి అతుక్కుపోతాం. ఎవరి తోడూ లేకుండా ఒకమ్మాయి ఆర్కిటిక్ సర్కిల్ బోర్డు పక్కన నిలబడి ఉంటే గుండె నిండినట్టుంటుంది. చూశావా అని ఇంట్లో చూపిస్తాం. చూపించగానే ఏమవుతుంది? వాళ్ళకి కనిపించేది ఖాళీ రోడ్డు, మంచు, "ఒక్క మనిషి కూడా లేడు" అన్న అక్షరాలు. వాళ్ళ భయానికి మనమే సాక్ష్యం తెచ్చి చేతిలో పెట్టినట్టవుతుంది. వెళ్ళినామె ఏదో అసాధ్యురాలు, మన పిల్ల అలాంటిది కాదు అని తేలిపోతుంది. రిక్వైర్‌మెంట్స్ ఫైల్ లేని కోడ్ అంటే ఇదే.

మన భాషలో తోడు అనే మాటకి కాపలా అనే అర్థం ఒక్కటే లేదు. పాలకి పెట్టేదీ తోడే. రాత్రి గిన్నెలో వేసిన ఆ చెంచా పెరుగు మర్నాడు వెతికినా దొరకదు, పెరుగు మాత్రం తోడుకుని ఉంటుంది. ఫెర్రీవాళ్ళు, గ్రేడర్ నడిపేవాళ్ళు, టైరు దగ్గర ఆగిన ట్రక్కాయన, శాటిలైట్ ఎస్‌ఓఎస్ బటన్ నొక్కితే అవతల ఫోనెత్తే మనిషి అందరూ ఆ రకం తోడు. వాళ్ళు మన పక్క సీట్లో కూర్చోరు. ఎక్కడికెళ్తున్నావ్, ఎందుకెళ్తున్నావ్, ఎవరితో వెళ్తున్నావ్ అని అడగరు. అమ్మాయిలు ఒక్కళ్ళే వెళ్ళగలగడానికి మనకి కావాల్సింది ఈ రెండో రకం. మన రోడ్ల మీద అది ఎంత ఉంది, ఎక్కడ లేదు, రాత్రి పదింటికి బస్టాండులో లైటు వెలుగుతుందా, టాయిలెట్‌కి గడియ ఉందా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. ధైర్యం ఉందా లేదా అన్న ప్రశ్న పెడితే ఇవన్నీ మర్యాదగా పక్కకి తప్పుకుంటాయి. అందుకే ధైర్యం కథలంటే నాకు ఈమధ్య అనుమానం.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మకి వీడియో చూపించకుండా ఇవన్నీ నోటితో చెప్పాను. బంకు ఎక్కడ, గేటు ఎప్పుడు వేస్తారు, విమానం దిగడానికి రోడ్డు ఎక్కడ వెడల్పు చేశారు, రెండో స్టెప్నీ సంగతి, నది దగ్గర పడవ సంగతి. తోడెవరు అని అడుగుతుందనుకున్నా. చిక్కుళ్ళు ఒలుస్తూ అంతా విని, "అయితే ఆ ఈగిల్ ప్లెయిన్స్‌లో పడుకోడానికి గదులుంటాయా?" అంది. ఉంటాయన్నాను. కాసేపాగి, "మరి నది గడ్డకట్టాక ఆ పడవ నడిపేవాళ్ళకి పనెలాగే?" అంది.